ఆకాశం ఎవరి తరఫు సాక్షి?

అమెరికాలో ఒహాయో, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల హైవేల పక్కన ఒక హెచ్చరిక బోర్డు కనిపిస్తుంది. ఈ దారిలో వాహనాల వేగాన్ని విమానం నుంచి కనిపెడుతుంటారని దాని సారాంశం. అక్కడ కార్లు నడిపే తెలుగువాళ్లకు అది బాగా పరిచయమైన బోర్డే. దాని వెనక ఉన్న పద్ధతి చాలా సులువైనది. రోడ్డుకు అడ్డంగా, కొలిచిన దూరంలో, పైనుంచి కనిపించేలా తెల్లగీతలు గీస్తారు. చిన్న విమానంలో ఉన్న పోలీసు ఒక కారు మొదటి గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కుతాడు, రెండో గీత దాటగానే ఆపుతాడు. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం తేలిపోతుంది. గీతల మధ్య అర కిలోమీటరు ఉందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల మీద వెళ్లే కారుకు 18 సెకన్లు పడుతుంది. 15 సెకన్లలో దాటేసిందంటే అది 120 మీద ఉన్నట్టు. ఆ కారు ఆనవాళ్లు వైర్‌లెస్‌లో కిందికి చేరతాయి, ముందెక్కడో కాచుకున్న పోలీసులు దాన్ని ఆపుతారు. చూసినవాడు ఒకడు, పట్టుకున్నవాడు మరొకడు. నడిపేవాడికి తనను చూసిన కన్ను ఎక్కడుందో కూడా తెలియదు.

నెల్లూరు తీరం వెంబడి సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇలాంటి విమానాలు తిరగడం లేదు. కోల్‌కతా నుంచి చెన్నైకి పోయే ఈ దారికి పాత నంబరు ఐదు. కావలి, నెల్లూరు, వెంకటాచలం, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి తడ దగ్గర తమిళనాడు సరిహద్దుకు చేరుతుంది. కృష్ణపట్నం రేవు లారీలు, రొయ్యల లోడుతో పరుగెత్తే వ్యాన్లు, రాత్రంతా నడిచే ప్రైవేటు బస్సులు అన్నీ దీని మీదే. అలాగని ఈ రోడ్డు విమానాల మొహం ఎరగనిది కాదు. 2022 డిసెంబరు 29న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర, ఇదే హైవే మీద అత్యవసరంగా దిగడానికి వేసిన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కాంక్రీటు పట్టీ మీదుగా వాయుసేన విమానాలు బాగా కిందికి దిగివచ్చి మళ్లీ ఎగిరిపోయాయి. వేగం కొలవడానికి మాత్రం మన పోలీసుల దగ్గర లేజర్ స్పీడ్ గన్లు, కెమెరాలు ఉన్నాయి. చలాన్ సెల్‌ఫోనుకే వస్తుంది. ఈ మధ్య ఆంధ్రప్రదేశ్ పోలీసులు డ్రోన్లతో గస్తీ కూడా మొదలుపెట్టారు. అసలు తెల్లగీతలే అక్కర్లేదు. ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఏ బండి ఏ టోల్‌గేటును ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దాటిందో నమోదవుతూనే ఉంది. గేట్ల మధ్య దూరం ఎటూ తెలిసిందే. తలుచుకుంటే ముసునూరు, వెంకటాచలం, బూదనం టోల్‌గేట్లే ఆ గీతల పని చేయగలవు. విమానం రాలేదన్న మాటే గానీ, పైనుంచి చూసే చూపు ఈ రోడ్డు మీదకు ఇప్పటికే వచ్చేసింది.

దీన్ని ట్రాఫిక్ సమస్యగా ఇంజినీర్లూ పోలీసులూ చర్చించుకుంటారు. కానీ ఇందులో వాళ్లకు మాత్రమే వదిలేయకూడని ప్రశ్న ఒకటుంది. పైనుంచి చూస్తున్నవాడు మన మతాలన్నిటిలోనూ ఉన్నాడు. చిత్రగుప్తుడు చిట్టా రాస్తాడు. మనిషికి అటొకరు ఇటొకరు దైవదూతలుండి మంచీ చెడూ రాసిపెడతారని ముస్లింలు నమ్ముతారు. దేవుడి చూపుకు అందని చోటు క్రైస్తవుడికి ఈ లోకంలో లేదు. ఉపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ రెండో పక్షి ఎవరికీ శిక్ష వేయదు, దాని చూపే దాని స్వరూపం. ఇన్ని రకాల చూపులను నమ్ముకుని పెరిగిన సమాజంలో, ప్రభుత్వం కూడా ఆకాశంలోకెక్కి చూడటం మొదలుపెడితే దాన్ని ఏమనాలి? దేవుడి పనికి అది సాయమా, ఆయన పీఠం మీద ఎక్కి కూర్చోవడమా? ఆ చూపుకు భయపడి నెమ్మదిగా వెళ్లినవాడిది ధర్మమేనా? పైన కన్ను ఉండటంలోనే పాపమో పుణ్యమో లేదని నా అభిప్రాయం. అది ఎవరి తరఫున సాక్ష్యం చెబుతోందన్న దాన్ని బట్టే దాని ధర్మాధర్మాలు తేలతాయి.

నేను ఇలా అనుకోవడానికి ఆధారం భారతంలోనే ఉంది. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో శకుంతల కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. నువ్వెవరో నాకు తెలియదు, పొమ్మంటాడు రాజు. అడవిలో జరిగిన గాంధర్వ వివాహానికి మనుషుల్లో సాక్షులెవరూ లేరు. ఆ ధైర్యంతోనే ఆయన కాదనగలిగాడు. అప్పుడామె తన సాక్షులను పేరుపేరునా పిలుస్తుంది. సూర్యచంద్రులు, గాలి, నిప్పు, ఆకాశం, నేల, నీళ్లు, యముడు, పగలూ రాత్రీ, రెండు సంధ్యలు, ధర్మం, వీటన్నిటితో పాటు మనిషి సొంత హృదయం. ఇవన్నీ నరుడి నడతను చూస్తూనే ఉంటాయి, ఒంటరిగా ఉన్నాను గనుక ఎవరికీ తెలియదనుకోవద్దని రాజుకు చెబుతుంది. దేవుడు అన్నీ చూస్తున్నాడు, జాగ్రత్త అన్న నీతికి ఉదాహరణగా ఈ ఘట్టాన్ని చెప్పడం అలవాటు. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారన్నది మాత్రం గమనించేవాళ్లు తక్కువ. అధికారం ఉన్నవాడు లేనివాళ్లను బెదిరించడానికి అన్న మాట కాదది. సింహాసనం మీద ఉన్నవాడిని, ఏ బలమూ లేని ఒక తల్లి నిలదీస్తూ అన్న మాట. చివరికి ఆకాశవాణి పలుకుతుంది, ఆమె చెప్పింది నిజమని సభ అంతా వినేలా చెబుతుంది. నిజం తనకు ముందే తెలుసనీ, లోకం నమ్మడానికి ఒక సాక్ష్యం కావాలని ఊరుకున్నాననీ దుష్యంతుడు అప్పుడు ఒప్పుకుంటాడు. మన సాహిత్యంలో ఆకాశం సాక్ష్యం చెప్పిన గొప్ప సందర్భాల్లో ఇదొకటి. అక్కడ ఆకాశం రాజు పక్షాన నిలబడలేదు.

ఈ కొలతను హైవే మీదకు తెస్తే ముందుగా అడగాల్సింది, ఆ రోడ్డు మీద బలవంతుడెవరు, బలహీనుడెవరు అని. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 71 శాతం మంది మరణానికి అతివేగమే కారణంగా నమోదైంది. చనిపోయినవాళ్లలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు 44.5 శాతం, కాలినడకన ఉన్నవాళ్లు 19.5 శాతం. అంటే నూటికి 64 మంది చుట్టూ రేకు కూడా లేనివాళ్లు. ఇంజను చేతిలో ఉన్నవాడికీ కాళ్లు మాత్రమే ఉన్నవాడికీ మధ్య ఉన్న తేడా ఈ అంకెల్లో తెలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఎదురుగా మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోగానే బండి అంత దూరం మింగేస్తుంది. కారు ఢీకొన్నప్పుడు దాని వేగం 50 నుంచి 65కి పెరిగితే నడిచేవాడు చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తీరంలో హైవే ఎన్నో ఊళ్లను రెండుగా చీల్చింది. ఇల్లు ఒక పక్క, పొలమో చెరువో బడో ఇంకో పక్క. రొయ్యల గుంటల దగ్గర పనికి వెళ్లేవాళ్లు చీకటితోనే రోడ్డు దాటాలి. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ లేని చోట మీడియన్‌లో ఖాళీ చూసుకుని దాటడం వాళ్ల నిత్యకృత్యం.

అలాంటి మనిషి ప్రాణం పోయాక చెప్పే మాట ఒక్కటే మిగులుతుంది, నడిపినవాడిది. ఉన్నట్టుండి అడ్డం వచ్చాడంటాడు. చనిపోయినవాడు వచ్చి కాదనలేడు. బండి ఎంత వేగంతో వచ్చిందో చెప్పగలవాళ్లు ఆ వేళప్పుడు ఆ చోట ఉండరు. అడవిలో జరిగినదానికి సాక్షి లేదని దుష్యంతుడు పొందిన ధైర్యం సరిగ్గా ఇదే. అందువల్ల గడియారం పట్టుకుని పైనుంచి చూసే కన్ను ఒకటుంటే అది నోరు లేనివాడికి నోరవుతుంది. దాన్ని గూఢచారి అని తిట్టేవాళ్లు ఎక్కువగా స్టీరింగు వెనక కూర్చున్నవాళ్లే. రోడ్డు దాటే మనిషి వైపు నుంచి చూస్తే అది ఆయన ఎన్నాళ్లుగానో అడగలేకపోయిన సాక్షి. నిఘా అంటే భయపడే మన ఆలోచన చాలావరకు నిఘాకు గురయ్యేవాడు బలహీనుడు అనుకుని మొదలవుతుంది. హైవే మీద ఆ లెక్క తలకిందులు.

దీనికి వేదాంతులు చెప్పగల అభ్యంతరం గట్టిదే. భయంతో చేసిన మంచి మంచి కాదు, కెమెరా దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాడిలో ధర్మం ఒక్క రవ్వ కూడా పెరగలేదు, పైగా ఎవరూ చూడకపోతే ఏం చేసినా ఫర్వాలేదన్న పాఠం నేర్చుకున్నాడు అంటారు. నడిపేవాడి ఆత్మశుద్ధి వరకు ఇది పూర్తిగా నిజం. అయితే ధర్మం అనేది చేసేవాడి లోపలి స్థితి ఒక్కటే అయినట్టు మాట్లాడటం ఈ వాదనలో లోపం. ఉపవాసమో జపమో అయితే మనసు లేకుండా చేస్తే చేసినవాడికే నష్టం. వేగం అలాంటిది కాదు, దాని ఫలితం అవతలివాడి ఒంటి మీద పడుతుంది. భయంతో నెమ్మదించిన లారీ ముందు నుంచి దాటిపోయిన పిల్ల బతికే ఉంటుంది, ఆ బతుకులో కల్తీ ఏమీ లేదు. డ్రైవరు హృదయం మారేదాకా ఆగుదామనడం, ఆ హృదయం మారేదాకా పోయే ప్రాణాలను ఆయన ఆత్మవికాసానికి పెట్టుబడిగా పెట్టడమే. శకుంతల జాబితాలో హృదయం కూడా ఒక సాక్షి అని చెప్పాను. మిగతా సాక్షులందరినీ తీసేసి హృదయాన్ని ఒక్కదాన్నే ఉంచలేదు ఆమె. ఆ రాజు హృదయానికి అన్నీ తెలుసు, అయినా ఆకాశవాణి పలికేదాకా అది నోరెత్తలేదు.

రెండో అభ్యంతరం మన ఊళ్లలో ఇంకా లోతుగా పాతుకుపోయినది. ఆయుష్షు తీరింది, నొసటి రాత అలా ఉంది, విధిని ఏ విమానం ఆపుతుంది అన్న మాట. కొత్త బండి కొనగానే గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి బయల్దేరతాం. ఆ పూజను తక్కువ చేసి మాట్లాడాలని నాకు లేదు. బయల్దేరే ముందు మన చేతిలో లేనిదాన్ని తలచుకుని తల వంచడంలో వినయం ఉంది. తర్వాత స్పీడోమీటరు ముల్లు 130 దాటినప్పుడు ఆ వినయం ఎక్కడికి పోతుందన్నదే నా ప్రశ్న. దైవం గొప్పదా, మానవప్రయత్నం గొప్పదా అని ధర్మరాజు అడిగినప్పుడు ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు చెప్పిన జవాబు వరి పండించే నెల్లూరు జిల్లాకు బాగా అర్థమయ్యేది. దైవం విత్తనం, పురుషప్రయత్నం పొలం, పొలం లేకుండా విత్తనం మొలవదు అంటాడు. ప్రయత్నం చేయాల్సిన చోట విధి పేరు చెప్పడం కర్మ సిద్ధాంతం కాదు. కర్మ సిద్ధాంతమంటే చేసినదానికి చేసినవాడే బాధ్యుడనడం. అతివేగంతో వెళ్లినవాడి కర్మను గుద్దుకుని చచ్చినవాడి నుదుటి మీద రాసినట్టు చెప్పడం ఆ సిద్ధాంతాన్నే తలకిందులు చేయడం. తలరాత మాట సానుభూతితో పుట్టినదే కావచ్చు, వాడుకలో మాత్రం అది నడిపినవాడికి క్షమాపత్రంగా మారిపోయింది.

ఇక మూడోది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. అన్నీ చూడటం దేవుడికే తగును, మనుషుల ప్రభుత్వం ఆ పని పూనుకుంటే అహంకారం పెరుగుతుంది, ఈ రోజు వేగం చూసిన డ్రోన్ రేపు ఎవరింటికి ఎవరు వచ్చారో చూస్తుంది అంటారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది కూడా. దీనికి నా సమాధానం, దేవుడి చూపుకూ పోలీసు చూపుకూ ఉన్న తేడాను చెరిపేయకుండా కాపాడుకోవడమే. దేవుడు హృదయం చూస్తాడంటాం. విమానంలోని గడియారానికి రెండు గీతల మధ్య ఎన్ని సెకన్లన్నది తప్ప ఏమీ తెలియదు, తెలియకూడదు కూడా. నడిపేవాడు ఎవరు, ఏ కులం, ఎక్కడికి, ఎందుకు అన్నవి దానికి అనవసరం. ఆ అజ్ఞానమే దాని యోగ్యత. ఆ హద్దు దాటి తెలుసుకున్న మరుక్షణం అది సాక్షి హోదా పోగొట్టుకుంటుంది.

చూస్తున్నామని ముందే చెప్పడం ఆ హద్దులో భాగం. సూర్యచంద్రులు దాక్కుని చూసే సాక్షులు కారు, నెత్తి మీద అందరికీ కనిపిస్తూనే ఉంటారు. కొలిచి గీతలు గీసిన రోడ్డు ముక్క మీద కాలం లెక్కగట్టి తేల్చిన వేగాన్ని కాలిఫోర్నియా చట్టం ఉచ్చుగా పరిగణించి, సాక్ష్యంగా చెల్లనివ్వదు. మన దగ్గర 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ఎలక్ట్రానిక్ నిఘాకు దారి వేసింది. 2021 ఆగస్టులో వచ్చిన నిబంధనలు, అలాంటి పరికరం పనిచేసే రోడ్డు మీద జనానికి కనిపించేలా హెచ్చరిక బోర్డులు పెట్టాలని చెప్పాయి. ఇది చిన్న సాంకేతిక నియమంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ఇదే ఆయువుపట్టు. చెట్టు చాటున స్పీడ్ గన్ పట్టుకుని కూర్చున్నవాడికి బండి ఎంత వేగంగా వస్తే అంత లాభం, వాడి ఆశ ప్రమాదం వైపు మొగ్గి ఉంటుంది. బోర్డు పెట్టి చూసేవాడికి బండి నెమ్మదిస్తే చాలు, పట్టుకోవాల్సిన పనే లేదు. అమెరికాలో కొన్నిచోట్ల ఖర్చు భరించలేక విమానాలు తగ్గించుకున్నాక కూడా బోర్డులు మిగిలాయి. వెనక ఏమీ లేని బోర్డు పొలంలో దిష్టిబొమ్మ లాంటిది, పిట్టలకు నాలుగు రోజుల్లో సంగతి తెలిసిపోతుంది. హెచ్చరిక నిజమై ఉండాలి.

ఈ తీరం వాళ్లకు ఆకాశపు చూపు శత్రువు కాదని ఇంకో విధంగా కూడా తెలుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఇక్కడి జ్ఞాపకాల్లో ఉంది. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచే భూమిని చూసే కార్టోశాట్ ఉపగ్రహాలు పైకి వెళ్లాయి. 2024 ఫిబ్రవరి 17న వాతావరణాన్ని గమనించే ఇన్‌శాట్ 3డీఎస్ కూడా అక్కడి నుంచే వెళ్లింది. సముద్రం మీద వాయుగుండాన్ని కనిపెట్టే కన్నును ఏ మత్స్యకారుడూ గూఢచారి అనడు. అది ముప్పును కనిపెట్టి ముందే చెబుతుంది, చెప్పాక పడవ ఒడ్డుకు రావడమే దానికి కావాల్సింది. హైవే మీది కన్ను కూడా అదే పని చేయాలి. అక్కడ ముప్పు ఒక మనిషి నడిపే వాహనం గనుక హెచ్చరికతో పాటు దండన అవసరమవుతుంది, తేడా అంతవరకే.

దండన దగ్గరికి వస్తే మన తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పేరుకుపోయిన ట్రాఫిక్ చలాన్ల మీద తెలంగాణ 2022 మార్చిలో రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనదారులు నాలుగో వంతు కడితే చాలు, కార్లవాళ్లు సగం కడితే చాలు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ రాయితీ వచ్చింది, ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం. పేదవాడికి వెసులుబాటు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. నన్ను బాధించేది రాయితీ వెనక ఉన్న అవగాహన. అది జరిమానాను రావాల్సిన బాకీగా చూసింది, వసూలు కాని బాకీని ఎంతో కొంతకు తెగ్గొట్టుకుంది. ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తానికి తగ్గింపులున్నాయి, పిల్లలకు, ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు. ఆ తగ్గింపు చేసినవాడి శక్తిని బట్టి ఉంటుంది, తప్పు మళ్లీ చేయనన్న సంకల్పం దానితో ముడిపడి ఉంటుంది. వాహనం రకాన్ని బట్టి, గడువు తేదీని బట్టి ఇచ్చే తగ్గింపులో ఆ సంకల్పానికి చోటెక్కడుంది? హెల్మెట్ లేనివాడూ, బడి ముందు 90 మీద పోయినవాడూ ఒకే కౌంటరు దగ్గర నిలబడి ఒకే లెక్కన కట్టేసి పోయారు. ఈసారి కట్టకుండా ఆగితే మళ్లీ తగ్గిస్తారని కొందరు నేర్చుకున్నారంటే వాళ్లను అనడానికి లేదు.

చూడటం వేరు, చూసినదానికి నిలబడటం వేరు. తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు, భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ పర్వంలో కీచకుడు సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదిని నిండు సభలో కాలితో తన్నినప్పుడు విరాటరాజు చూస్తూనే ఉన్నాడు. కీచకుడు రాజుకు బావమరిది, సేనాపతి, రాజ్యానికి బలం. రాజు అతణ్ణి దండించలేదు. సాక్ష్యం లేక అక్కడ అన్యాయం జరగలేదు, సాక్షి లొంగిపోయి ఉండటం వల్ల జరిగింది. మన హైవే కెమెరాలు మంత్రుల కాన్వాయ్ వేగాన్ని కూడా కొలుస్తున్నాయా, రేవుకు లోడు తోలే పెద్ద ట్రాన్స్‌పోర్టు యజమాని డ్రైవర్లకు పెట్టే గడువులను ఎవరైనా లెక్కగడుతున్నారా అన్నవి అందుకే ధర్మప్రశ్నలు. డ్రైవరు తొక్కే యాక్సిలరేటర్ మీద కొన్నిసార్లు యజమాని కాలు ఉంటుంది. పైనుంచి చూసే గడియారానికి అది కనిపించదు, దాన్ని వెతికే బాధ్యత చూసేవాళ్లదే.

వేగంగా పోయే బండికి రాజ్యం జవాబు చెప్పిన కథ ఒకటి బెజవాడకు ఉంది. మాధవవర్మ కొడుకు రథం కింద చింతచిగురు అమ్ముకునే ఒక పేదరాలి బిడ్డ పడి చనిపోతే, రాజు తన కొడుక్కే మరణశిక్ష వేశాడనీ, ఆ ధర్మానికి మెచ్చి అమ్మవారు బంగారు వాన కురిపించిందనీ చెబుతారు. ప్రాణానికి ప్రాణం తీయడం ఈనాటి న్యాయం కాదు, నేను దాన్ని సమర్థించను. ఆ కథ చెప్పేవాళ్లు కోరుకున్నది మరొకటి, రథం ఎవరిదైనా కొలత ఒకటే కావాలని. ఆ కోరికకు మన చట్టంలో ఇప్పుడు ఒక రూపం ఉంది. 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల మరణమో అంగవైకల్యమో జరిగితే ఆ డిజైనుకూ నిర్మాణానికీ నిర్వహణకూ బాధ్యులైనవాళ్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఒక ఊరి ముందు మీడియన్ ఖాళీ దగ్గర జనం రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటుతుండటం డ్రోన్ చూపుకు వేగం కన్నా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దృశ్యం డ్రైవరుకు చలాన్‌గా మాత్రమే మారి, రహదారి సంస్థకు నోటీసుగా మారకపోతే ఆ కన్ను సగమే తెరిచి ఉన్నట్టు.

అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల కోసం దుర్యోధనుడు వేగులను దేశమంతా తిప్పాడు. వాళ్లకేమీ కనిపించలేదు. అప్పుడు భీష్ముడు చెప్పిన ఆనవాలు వేరు. ధర్మరాజు ఎక్కడ ఉంటే ఆ నేల మీద వానలు సకాలంలో పడతాయి, పాడి సమృద్ధిగా ఉంటుంది, జనం సత్యం పలుకుతూ నిర్భయంగా బతుకుతారు, మనిషిని వెతక్కండి, ఆ నేల ఎలా ఉందో చూడండి అన్నాడు. విమానాలూ డ్రోన్లూ ధర్మంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తోచదు. ఎన్ని చలాన్లు రాశారు, ఎంత వసూలైంది అన్న లెక్కలు ఏటా పత్రికల్లో వస్తుంటాయి. అవి వేగుల లెక్కలు. కావలి నుంచి తడ దాకా ఒక్కో పోలీసు స్టేషను పరిధిలో నెలనెలా ఎంతమంది చనిపోయారు, అందులో నడిచేవాళ్లెందరు, పోయిన ఏడు అదే నెలలో ఎందరు అన్నది టోల్‌గేట్ల దగ్గరా పంచాయతీ ఆఫీసుల దగ్గరా అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. ఆ అంకె తగ్గని చోట కెమెరాలు పెంచే ముందు రోడ్డును చూడాలి. తగ్గిన చోట, ఒక్క చలానూ రాయకుండా గడిచిన నెలను ఆ స్టేషను పనితనంగానే లెక్కవేయాలి.